పెట్టె మీద బొమ్మ

ఇవాళ కాంగ్రెస్ గుర్తుగా అందరికీ తెలిసిన హస్తం 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వేరే పార్టీది. ఫార్వర్డ్ బ్లాక్ నుంచి చీలిన రుయికర్ వర్గానికి దాన్ని కేటాయించారు. కాంగ్రెస్‌ది కాడెద్దుల జత. రుయికర్ నాగపూర్ కార్మిక నాయకుడు. ఆ ఎన్నికల్లో ఓటరు కాగితం మీద ముద్ర వేసే పని లేదు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద బొమ్మ. తెర చాటుకు వెళ్లి నచ్చిన బొమ్మ ఉన్న పెట్టెలో చీటీ వేసి రావడమే. పదిహేడు కోట్ల పైచిలుకు ఓటర్లలో నూటికి 85 మందికి చదువు రాదు మరి. ఆ పెట్టెలకే సుమారు 8,200 టన్నుల ఉక్కు పట్టింది. అప్పటికి భిలాయ్ ఉక్కు కర్మాగారం ఊసే లేదు; దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1959లో. ఓటర్ల జాబితా రాసేటప్పుడు సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యనని, ఫలానా వాడి తల్లినని చెప్పిన సుమారు 28 లక్షల మంది స్త్రీలను ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ జాబితా నుంచి తీసేయించారు. కఠినమైన పనే. అయినా ఓటు ఇంటిది కాదు, మనిషిదని తేల్చిన పని అది.

బొమ్మకు భాష అక్కర్లేదు. ఉత్తరాంధ్ర, బెంగాల్, కేరళల నుంచి వచ్చినవాళ్లు ఒకే సెక్టారులో కాపురమున్న ఉక్కు నగరం భిలాయ్‌కి అంతకన్నా తగిన సాధనం లేదు. కానీ బొమ్మ పార్టీని గుర్తుపట్టిస్తుందే తప్ప అభ్యర్థి ఎలాంటివాడో చెప్పదు. ఆ లోటు తీరడం మొదలవడానికి యాభై ఏళ్లు పట్టింది. సుప్రీంకోర్టు 2002లో, మళ్లీ 2003లో ఇచ్చిన తీర్పులతో ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ప్రమాణపత్రంలో రాసివ్వడం అభ్యర్థులకు తప్పనిసరైంది.

బొమ్మ చూసే జనం సరైన తీర్పు ఇవ్వలేదా అని అడగవచ్చు. ఇచ్చారు. 1977లో జనతా పార్టీ లోక్‌దళ్ గుర్తు అరువు తెచ్చుకుని పోటీ చేసినా, అప్పటి మధ్యప్రదేశ్‌లోని 40 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు ఛింద్వాడా ఒక్కటే మిగిలింది. భిలాయ్ ఉన్న దుర్గ్ కూడా పోయింది. అది ఓటరు తెలివికి సాక్ష్యం. ప్రభుత్వాన్ని దించడానికి ఆ తెలివి చాలింది. ఇద్దరు అభ్యర్థుల మధ్య మంచిచెడ్డలు తేల్చుకోవాలంటే మాత్రం వివరాలు కావాలి. ప్రమాణపత్రాలు ఎవరు చదువుతారన్నది రెండో అభ్యంతరం. రిటర్నింగ్ అధికారి కార్యాలయం బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పేజీలకు పేజీలు పెడితే చదవరు, నిజమే. 1952లో చదువురాని ఓటరు కోసం ప్రభుత్వమే అన్ని టన్నుల ఉక్కుతో పెట్టెలు చేయించింది. ఇప్పుడు ఇంటింటికీ వచ్చే ఓటరు చీటీలో పోలింగ్ బూత్ వివరం ఉంటుంది, అభ్యర్థుల సంగతి ఉండదు. ఆ చీటీతోపాటే ఒక్కొక్కరి కేసులు, ఆస్తులు, సిట్టింగ్ ఎంపీ అయితే సభలో హాజరు, అడిగిన ప్రశ్నలు రెండేసి వరుసల్లో అచ్చువేసి, భిలాయ్‌లో హిందీలోనూ తెలుగులోనూ పంచితే ఖర్చు కాగితం, సిరా మాత్రమే.