కతోలిక పాఠశాలలు – విద్యార్థి సంరక్షణము

పూర్వము వీధిబడి పంతులుగారికి పిల్లల పేర్లతోపాటు వారి యిండ్ల సంగతులును తెలిసియుండెడివి. ఎవని తల్లికి జబ్బు చేసినదో, ఎవని తండ్రి పొరుగూరికి కూలికి పోయినాడో ఆయనకు వేరుగ చెప్పనక్కర లేకుండెను. బడులు పెద్దవై, హాజరుపట్టీలో పేర్లు పెరిగినకొలది ఆ యెరుక తరిగినది. దానిని ఒక నియమముగా నిలుపుకొనుటకు యత్నించినవారిలో కతోలిక విద్యాసంస్థలవారు ముఖ్యులు. ఆ పద్ధతి మన విశాఖ మండలమునకు ఏ దారిని వచ్చినదో పరిశీలింతము.

1599లో యేసుసభవారు తమ పాఠశాలలకు ఒక ప్రణాళికను ప్రకటించిరి. అందు తరగతిని చిన్న జట్లుగ విభజించి, ఒక్కొక్క జట్టు పాఠములను ఒక విద్యార్థి అప్పగింపించుకొను ఏర్పాటు కలదు. మన వీధిబడులలోను పెద్ద పిల్లలు చిన్నవారిచే అక్షరములు దిద్దించెడివారు. మద్రాసులో సైనికుల అనాథబాలుర ఆశ్రమమును 1789 నుండి నడిపిన ఆండ్రూ బెల్ ఈ ఆచారమును చూచి అనుసరించి, 1797లో లండనులో దానినిగూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. అది ఇంగ్లండున ‘మద్రాసు పద్ధతి’గా వ్యాపించినది. అయితే ఒక్క ఉపాధ్యాయునితో వందలమందికి చదువు చెప్పించుటయే అచట దాని ప్రయోజనమైనది. కావున జట్టునాయకుడు ఉన్నంతమాత్రమున సంరక్షణ సమకూడదు. పెద్దవాడొకడు పిల్లవానిని ఎరిగియుండవలెను.

ఈ యెరుకకు గొప్ప నిదర్శనము ఫ్రాన్సిసు ద సేల్సు జీవితము. ఆయన 1602లో జెనీవా బిషప్పు అయ్యెను. ఆ నగరము ప్రొటెస్టెంటుల వశమందుండుటచే, నేడు ఫ్రాన్సులో చేరియున్న అన్సీ పట్టణమున నివసించెను. చెవిటి, మూగ యైన మార్టిన్ అను యువకుని ఆయన చేరదీసి, తానే సైగలతో బోధించి, తన యింట నుంచుకొనెను. 1609లో వెలువడిన ఆయన ప్రసిద్ధ భక్తిగ్రంథము కూడ ఒక గృహిణికి వ్రాసియిచ్చిన ఉపదేశములనుండి పుట్టినదే. ఎదుటివారి స్థితిని బట్టి బోధించుట ఆయన మార్గము. తరువాతి కాలమున ఇటలీలో డాన్ బోస్కో ఆయన పేరనే తన సంఘమును నెలకొల్పి, తప్పు జరిగిన పిదప దండించుటకంటె, ఆటస్థలమునందును పిల్లలకు తోడుండి తప్పు జరుగకుండ చూచుట మేలని బోధించెను.

అన్సీలో 1838లో ఫ్రాన్సిసు పేరనే ఏర్పడిన గురువుల సంఘము 1846లో విశాఖపట్టణమునకు వచ్చినది. మరుసటి సంవత్సరమే సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసెను. 1849లో అన్సీనుండియే సెయింట్ జోసెఫ్ కన్యాసోదరీలు వచ్చి బాలికల విద్యకు పూనుకొనిరి.

అన్యమతస్థులైన తలిదండ్రులకు ఈ ఆదరణ వెనుక మతమార్పిడి ఉద్దేశము కలదేమో యను శంక సహజముగనే కలిగెడిది. 1950నాటి మన రాజ్యాంగము 28వ అధికరణమున దీనికి హద్దు గీచినది: ప్రభుత్వ సహాయము పొందు బడిలో విద్యార్థి సమ్మతి, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేక మతబోధకు హాజరు కమ్మని నిర్బంధింపరాదు. 1965లో వాటికను మహాసభయు, ఇతర మతముల పిల్లలు చదువు కతోలిక పాఠశాలలు తమకు మిక్కిలి ప్రియమైనవని ప్రకటించెను. పిల్లవాని విశ్వాసమును గౌరవించినప్పుడే అతని మనసు తెలిసికొను అధికారము గురువునకు లభించునని మా అభిప్రాయము.

2022 నుండి అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరము ప్రాంతమునే తీసికొందము. చుట్టును చెరకు తోటలు, సమీపమున గోవాడ చక్కెర కర్మాగారము, మాడుగుల మీదుగ పాడేరు కొండలకు పోవు బాట. ఇట్టిచోట చెరకు నరకు రోజులలో బడి మానినవానిని సోమరి యనుట తేలిక, వాని యింటి పరిస్థితి కనుగొనుట కష్టము. కొండనుండి దిగివచ్చిన బిడ్డ మౌనము మందబుద్ధి కాకపోవచ్చును. ఇంటి భాష వేరగుటయు, ఇల్లు విడిచిన దిగులును కారణములు కావచ్చును.

కనుక కొద్దిమంది పిల్లలను ఒక్కొక్క ఉపాధ్యాయునికి అప్పగించి, వారితో విడివిడిగ మాటాడుటకు వేళ కేటాయింపవలెను. పిల్లవాడు నమ్మి చెప్పిన మాటను పదుగురిలో పెట్టరాదు. అపాయము పొంచియున్నప్పుడు మాత్రము తగిన పెద్దలకు తెలుపకుండరాదు. తలిదండ్రులు కూడ మార్కులనే కాక, తమ బిడ్డను ఎరిగిన గురువు బడిలో ఎవరని విచారింపవలెను. ఆ ప్రశ్నకు ఒక పేరు బదులుగ వచ్చు బడి ఏ మతమువారిదైనను మేలైన బడియే.