జ్వాలాపురం బూడిద: తోబా ప్రళయవాద పరిశీలన

సుమారు 74,000 సంవత్సరాల క్రితం సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత 20 లక్షల ఏళ్లలో అంతటి విస్ఫోటనం మరొకటి లేదు. దాని ధూళి సూర్యరశ్మిని అడ్డగించడంతో ఏళ్ల తరబడి శీతలం ఆవరించిందనీ, మానవజాతి కొన్ని వేలమందికి కుదించుకుపోయిందనీ 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ ప్రతిపాదించారు.

ఈ వాదానికి గట్టి పరీక్ష నంద్యాల జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఎదురైంది. (ఊరిపేరులోని ‘జ్వాల’ను విస్ఫోటనంతో ముడిపెట్టాలనిపించడం సహజమే గాని, అన్ని వేల ఏళ్ల స్మృతిని స్థలనామానికి అంటగట్టలేం.) అక్కడ తోబా బూడిద కొన్నిచోట్ల రెండు మీటర్లకు మించి పేరుకుంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయనీ, వాటి తయారీ పద్ధతిలో పెద్ద మార్పు లేదనీ మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ప్రకటించారు. దీనినిబట్టి విస్ఫోటనం దక్షిణ భారతాన్ని శాశ్వతంగా నిర్మానుష్యం చేయలేదని చెప్పవచ్చు.

అంతకు మించి చెప్పడమే చిక్కు. పనిముట్లు చేసినవారు ఆధునిక మానవులేనని ఆ పరిశోధకులు భావించారు. కాని ఆ పొరల్లో మానవాస్థికలు లభించలేదు. రాతిపెచ్చుల ఆకృతి ఒక్కదానితో జాతిని నిర్ణయించడం నా దృష్టిలో తొందరపాటే. పైగా కాలనిర్ణయంలోనే వేల ఏళ్ల తేడాకు అవకాశం ఉన్నప్పుడు, ఆ లోయ నాలుగైదు తరాలపాటు నిర్జనంగా ఉండిపోయినా ఆ సంగతి తవ్వకాల్లో కనబడదు.