నరికిన చోటే స్క్రూ బిగించారు

కుందుర్పి పల్లెల్లో చేనుగట్టు మీద కాలు మెలికపడినా, మోటార్‌సైకిల్ మీంచి పడి పాదం వాచినా ముందు వినబడే మాట ఒకటే: "బెణికినట్టుంది, కట్టు కట్టిస్తే సరి." రాయలసీమలో పుత్తూరు కట్టుకు ఉన్న పేరు అలాంటిది. ఎముక పక్కకు జరగకుండా విరిగితే ఆ నమ్మకం చాలాసార్లు నిలబడుతుంది కూడా. పాదం నడుమ కీళ్ల సంగతి వేరు.

ఆ కీళ్ల వరుసను డాక్టర్లు లిస్‌ఫ్రాంక్ కీలు అంటారు. జాక్ లిస్‌ఫ్రాంక్ నెపోలియన్ సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సర్జన్. తమాషా ఏమిటంటే, ఆయన అక్కడ ఎముకలు అతికించినవాడు కాదు. 1815లో ఆ వరుస వెంటే పాదం ముందు భాగాన్ని కోసి తీసేసే పద్ధతి చెప్పినవాడు! ఈథర్ మత్తు రావడానికి ఇంకా 31 ఏళ్లుంది. రోగి స్పృహలో ఉండగానే కోత. సర్జన్ నేర్పంతా చేతివేగమే. అప్పట్లో గుర్రం మీంచి పడ్డ రౌతు కాలు రికాబులో ఇరుక్కుంటే పాదం ఆ కీళ్ల దగ్గరే విరిగేది.

1895లో ఎక్స్‌రే వచ్చాక గానీ లోపల ఏం జరిగిందో కనబడలేదు. 1909లో ఫ్రాన్స్‌లో కెన్యూ, కూస్ ఈ గాయాలను రకాలుగా విడదీశారు. అదే ఏడు జర్మనీలో కిర్ష్‌నర్ ఎముకలోకి దించే సన్నని తీగ గురించి రాశాడు. 1958లో స్విట్జర్లాండ్ సర్జన్లు ఏఓ బృందంగా ఏర్పడ్డాక స్క్రూలు, ప్లేట్ల వాడకం ఊపందుకుంది.

ఇంతకీ స్క్రూ ఎందుకు? బొటనవేలి పక్క వేలి ఎముక మొదలు మూడు చిన్న ఎముకల మధ్య, కమానులో నడిమి రాయిలా ఇరికి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది ముఖ్యంగా ఒక బలమైన స్నాయువు. అది తెగి ఎముక రెండు మిల్లీమీటర్లు జరిగినా పాదం వంపు కుంగిపోవచ్చు. బయటినుంచి ఎంత గట్టిగా కట్టినా లోపలి ఆ ఎముకను చోటికి తేవడం కష్టం.

స్క్రూ వేయాలా, కీలునే శాశ్వతంగా అతికించాలా అన్న వాదు ఇంకా తెగలేదు. ప్రధానంగా స్నాయువులు తెగిన 41 మందిని పరిశీలించిన ఒక అమెరికన్ అధ్యయనం 2006లో అతికించడమే మేలంది.

పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఈ గాయం తప్పిపోవడం మామూలే. అరికాలి నడుమ నల్లగా కమిలిందా, మడమ ఎత్తి వేళ్ల మీద నిలబడలేకపోతున్నారా? బెణుకని ఊరుకోకండి. కళ్యాణదుర్గమో అనంతపురమో వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించండి; నిలబడగలిగితే రెండు పాదాలకూ బరువు మోపించి ఎక్స్‌రే తీయమని అడగండి.