కొండదారి నుంచి కుటుంబవాహనం దాకా: ల్యాండ్ క్రూయిజర్ చరిత్రలో సామర్థ్యం, విశ్వసనీయత

వ్యాససంగ్రహం

రోడ్డు లేని చోట ముందుకు సాగగలగడం ఒక గుణం. ఏళ్ల తరబడి చెడిపోకుండా పనిచేయడం మరొక గుణం. ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటినీ ఒకటిగా భావించడం పరిపాటి. జపాన్‌కు చెందిన టయోటా సంస్థ 1951లో రూపొందించిన పహరా వాహనం క్రమంగా ల్యాండ్ క్రూయిజర్ అనే కుటుంబవాహనంగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కుటుంబ సౌఖ్యం కోసం చేసిన ప్రతి మార్పూ ఈ రెండు గుణాల మధ్య సంబంధాన్ని కొత్తగా నిర్ణయించిందని, విశ్వసనీయత యంత్రంలో మాత్రమే కాక దాని చుట్టూ ఉన్న మరమ్మతు వ్యవస్థలోనూ ఉంటుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ల్యాండ్ క్రూయిజర్, ఫోర్‌వీల్ డ్రైవ్, సాంకేతిక చరిత్ర, విశ్వసనీయత, ఇరుసు, మరమ్మతు, కుటుంబవాహనం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘జీపు’ అనే మాట ఒక అమెరికన్ వాహనం పేరుగా ప్రవేశించి, జాతివాచకంగా స్థిరపడింది. పోలీసు జీపు, ఎన్నికల ప్రచార జీపు, మన్యం సంతలకు జనాన్ని చేరవేసే సర్వీసు జీపు మన సామాజిక జీవితంలో భాగమయ్యాయి. ఆ మాట వినగానే మనకు స్ఫురించేది గట్టితనం, గతుకుల దారి, కుదుపు. అందులో సుఖప్రయాణమనే అర్థం లేదు. కుటుంబమంతా కూర్చుని పగలు అడవిదారిలోనూ, రాత్రి జాతీయ రహదారిపైనా ఒకే బండిలో ప్రయాణించాలనే కోరిక 20వ శతాబ్దం రెండో సగంలో బలపడింది. ఆ కోరికను తీర్చే క్రమంలో ఇంజనీర్లు పరస్పర విరుద్ధమైన అవసరాలను ఒకే ఛాసిస్ మీద సమన్వయపరచవలసి వచ్చింది.

ఈ పరిణామాన్ని పరిశీలించడానికి ల్యాండ్ క్రూయిజర్ అనువైన ఉదాహరణ. ఏడు దశాబ్దాలకు పైగా అవిచ్ఛిన్నంగా కొనసాగిన ఈ వాహనశ్రేణిలో పనిబండి, కుటుంబబండి అనే రెండు శాఖలు స్పష్టంగా విడివడ్డాయి. ఆ విడివడటమే ఈ వ్యాసంలోని ప్రధాన వాదానికి ఆధారం.

2. పహరా వాహనంగా ఆవిర్భావం (1951–1967)

1950లో కొరియా యుద్ధం మొదలైంది. అదే ఏడాది జపాన్‌లో నేషనల్ పోలీస్ రిజర్వ్ ఏర్పడింది. దాని అవసరాల కోసం టయోటా 1951 జనవరిలో ‘బీజే’ అనే నమూనా వాహనాన్ని సిద్ధం చేసింది. ట్రక్కులకు, బస్సులకు వాడే 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌ను ఇందులో అమర్చారు. పోలీస్ రిజర్వ్ మాత్రం విల్లీస్ జీప్‌నే ఎంచుకుంది. 1951 జులైలో టెస్టు డ్రైవర్ ఇచిరో తైరా ఈ బండిని ఫ్యూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా నడిపాడు. ఆ ప్రదర్శన చూసిన గ్రామీణ పోలీసు శాఖ 289 వాహనాలకు ఆర్డరు ఇచ్చింది. ‘జీప్’ అనే పేరు మరొకరి వాణిజ్యచిహ్నం కావడంతో 1954లో దీనికి ల్యాండ్ క్రూయిజర్ అని పేరు పెట్టారు. 1948 నుంచి బ్రిటన్‌లో తయారవుతున్న ల్యాండ్ రోవర్‌కు పోటీగా నిలవాలనే ఉద్దేశం ఆ పేరులోనే కనిపిస్తుంది.

తొలి బీజేలో లో-రేంజి గేర్లు లేవు. పెద్ద ఇంజన్ ఇచ్చే లాగుడు బలమే చాలునని భావించారు. 1960లో వచ్చిన 40 శ్రేణిలో రెండు వేగాల ట్రాన్స్‌ఫర్ కేస్ చేరింది. ఇంజన్ బలాన్ని చక్రాల దగ్గర ఇంకా పెంచి, వాహనాన్ని నడక వేగంతో రాళ్లమీదుగా నడిపించే ఏర్పాటు ఇది. సామర్థ్యం అనే భావన ఇక్కడ మారింది. ఒక్క ఊపున కొండ ఎక్కడం కంటే, అదుపు తప్పకుండా నెమ్మదిగా ఎక్కడమే ముఖ్యమైంది.

ఇదే కాలంలో విశ్వసనీయతకు పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకంలో పనిచేస్తున్న థీస్ బ్రదర్స్ అనే నిర్మాణ సంస్థ 1950 దశకం చివర ల్యాండ్ క్రూయిజర్లను దిగుమతి చేసుకుంది. సొరంగాల తవ్వకం, మంచు, బురద, నిటారు వాలుల మధ్య రోజూ పనిచేయడం ఏ ప్రదర్శనకూ సాటిరాని పరీక్ష. ఫ్యూజీ ఆరోహణ ఒక్కరోజు సామర్థ్యానికి నిదర్శనమైతే, స్నోయీ పర్వతాలు అనుదిన విశ్వసనీయతకు గీటురాయి.

3. కుటుంబం ఎక్కిన బండి (1967–1989)

1967లో వచ్చిన ఎఫ్‌జే55 నాలుగు తలుపుల స్టేషన్ వ్యాగన్. దీని పైభాగం కుటుంబానికి తగినట్లు మారినా, కింది నిర్మాణం 40 శ్రేణి నుంచి వచ్చినదే. ముందు వెనుకల ఏకఖండ ఇరుసులు, వాటిని మోసే కమాను పట్టీలు యథాతథంగా ఉన్నాయి. 1980లో వచ్చిన 60 శ్రేణి లోపలి అలంకరణలోనూ, డీజిల్ ఇంజన్ల అందుబాటులోనూ మరింత ముందుకు వెళ్లింది. ఆటోమేటిక్ గేర్లు కూడా ఈ శ్రేణి కాలంలోనే చేరాయి. అయినా కమాను పట్టీలు పోలేదు.

ఈ నిదానాన్ని అర్థం చేసుకోవాలంటే సమకాలీన బ్రిటిష్ వాహనంతో పోల్చి చూడాలి. 1970లో విడుదలైన రేంజ్ రోవర్‌లో కాయిల్ స్ప్రింగులు, శాశ్వత ఫోర్‌వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, తేలికైన 3.5 లీటర్ల అల్యూమినియం వి8 ఇంజన్ ఉన్నాయి. కాయిల్ స్ప్రింగుల మీద ఇరుసు ఎక్కువగా పైకీ కిందికీ కదలగలదు కాబట్టి, గుంతలో కూడా చక్రం నేలను వదలదు. సాంకేతికంగా ఇది ల్యాండ్ క్రూయిజర్ కంటే సుమారు రెండు దశాబ్దాలు ముందున్నది.

అయితే 1971–72లో బ్రిటిష్ ట్రాన్స్-అమెరికాస్ యాత్రలో రెండు రేంజ్ రోవర్లు పనామా, కొలంబియాల మధ్య ఉన్న డేరియన్ గ్యాప్ అడవిలో ప్రవేశించినప్పుడు వాటి డిఫరెన్షియళ్లు పదేపదే విరిగాయి. బురద కోసం అమర్చిన భారీ టైర్లు ఆ భాగాలపై అదనపు ఒత్తిడి కలిగించాయి. కొత్త విడిభాగాలు వచ్చేదాకా యాత్ర ఆగవలసి వచ్చింది. చివరకు వాహనాలు ఆ అడవిని దాటాయి. అది గొప్ప విజయమే. కానీ సహాయక బృందం లేని సాధారణ కుటుంబం అదే పరిస్థితిలో ఉంటే ఏమయ్యేది? ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల్లో, లోపలికి వెళ్లడానికి ల్యాండ్ రోవర్ చాలుననీ, తిరిగి రావాలంటే ల్యాండ్ క్రూయిజర్ కావాలనీ ఒక నానుడి ప్రచారంలో ఉంది. అందులో అభిమానుల అతిశయోక్తి ఉన్నప్పటికీ, వెళ్లగలగడం వేరు, తిరిగి రాగలగడం వేరు అనే విభజన సరైనదే.

4. 80 శ్రేణి: రెండు గుణాల సమన్వయం

1989 టోక్యో మోటార్ షోలో ప్రదర్శితమై మరుసటి ఏడాది మార్కెట్లోకి వచ్చిన 80 శ్రేణి ఈ చరిత్రలో కీలకమైన మలుపు. కమాను పట్టీల స్థానంలో నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. చాలా నమూనాల్లో శాశ్వత ఫోర్‌వీల్ డ్రైవ్ ప్రవేశించింది.

ఈ రెండో మార్పు ప్రాముఖ్యం గమనించదగినది. పాత పద్ధతిలో ఫోర్‌వీల్ డ్రైవ్ వేసినప్పుడు ముందు వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగవలసిందే. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు ప్రయాణిస్తాయి కాబట్టి, గట్టి తారురోడ్డు మీద ఆ ఒత్తిడి గేర్ల మీద పడుతుంది. అందువల్ల డ్రైవర్ ఎప్పుడు ఫోర్‌వీల్ వేయాలో, ఎప్పుడు తీయాలో తెలిసి ఉండాలి. కొన్ని వాహనాల్లో బురదలోకి దిగి ముందు చక్రాల హబ్‌లను చేత్తో తిప్పాలి. 80 శ్రేణిలో రెండు ఇరుసుల మధ్య అమర్చిన సెంటర్ డిఫరెన్షియల్ ఆ భారాన్ని తొలగించింది. వాన కురిసిన ఘాటురోడ్డులో, ప్రత్యేక శిక్షణ లేని కుటుంబ సభ్యులెవరైనా బండి నడపగల స్థితి ఏర్పడింది. మరోవైపు మధ్య, ముందు, వెనుక డిఫరెన్షియళ్లను లాక్ చేసుకునే సౌకర్యం కొన్ని నమూనాల్లో లభించింది. ఒక చక్రం గాలిలో తేలినా, పట్టు ఉన్న చక్రానికి బలం చేరేలా ఇది చూస్తుంది.

ముఖ్యమైన విషయమేమిటంటే ఏకఖండ ఇరుసులను మాత్రం ఇంజనీర్లు వదలలేదు. సౌఖ్యం కోసం స్ప్రింగులను మార్చి, మన్నిక కోసం ఇరుసును నిలుపుకున్నారు. ఈ శ్రేణిని నేటికీ చాలామంది ఆదర్శంగా భావించడానికి కారణం ఈ సమతూకమే. అయినా ఇది దోషరహితం కాదు. తొలినాటి టర్బో డీజిల్ ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు త్వరగా అరిగేవన్న విషయం మెకానిక్కుల లోకంలో సుప్రసిద్ధం. కానీ ఆ లోపం తెలిసినది. సకాలంలో బేరింగులు మార్చితే ఇంజన్ నిలిచేది. ముందుగా ఊహించగల లోపం, ఊహించలేని లోపం ఒకటి కావు.

5. ఇరుసు నుంచి ఎలక్ట్రానిక్స్ వైపు (1998–2021)

1998లో వచ్చిన 100 శ్రేణిలో ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ అమర్చారు. రహదారి మీద స్టీరింగు నిలకడ, సౌఖ్యం పెరిగాయి. ఏకఖండ ఇరుసులో ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది. ఇండిపెండెంట్ అమరికలో ఆ గుణం తగ్గుతుంది. స్ప్రింగు నొక్కుకున్నప్పుడు వాహనం అడుగుభాగం నేలకు దగ్గరవుతుంది.

ఈ మార్పు విషయంలో సంస్థ తీసుకున్న నిర్ణయమే ఉత్తమ చారిత్రక సాక్ష్యం. ఆస్ట్రేలియా, ఆఫ్రికా వంటి మార్కెట్ల కోసం అదే బాడీ కింద ముందు ఏకఖండ ఇరుసును ఉంచి ‘105’ అనే రూపాన్ని సమాంతరంగా విక్రయించింది. అంటే కుటుంబ సౌఖ్యానికీ, కఠిన వినియోగానికీ ఒకే సమాధానం సరిపోదని తయారీదారు పరోక్షంగా అంగీకరించినట్లే.

2007 నాటి 200 శ్రేణి ఈ లోటును ఎలక్ట్రానిక్, హైడ్రాలిక్ పద్ధతుల్లో పూడ్చింది. స్టెబిలైజర్ బార్లను అవసరాన్ని బట్టి సడలించే కేడీఎస్ఎస్, ఇంజన్‌నూ బ్రేకులనూ తానే అదుపుచేస్తూ బండిని నెమ్మదిగా నడిపే క్రాల్ కంట్రోల్ ఇందులో వచ్చాయి. 2021లో ఆవిష్కృతమైన 300 శ్రేణి కొత్త ఛాసిస్‌తో సుమారు 200 కిలోల బరువు తగ్గించుకుంది. వి8 ఇంజన్ల స్థానంలో రెండు టర్బోల వి6 ఇంజన్లను స్వీకరించింది. పూర్వం డ్రైవర్ చేతిలో, కాలిలో ఉన్న నైపుణ్యం ఇప్పుడు సెన్సార్లకు, సాఫ్ట్‌వేర్‌కు బదిలీ అయింది. అనుభవం లేని కుటుంబానికి ఇది వరం. కానీ సెన్సార్ చెడితే సుత్తీ రెంచీ చాలవు.

6. విశ్వసనీయత ఎక్కడ ఉంటుంది?

1984లో మొదలైన 70 శ్రేణి నేటికీ తయారవుతోంది. సహాయ సంస్థలు ఆఫ్రికా మారుమూల ప్రాంతాలకు ఎక్కువగా పంపేది ఈ పనిబండినే. టర్బో లేని 4.2 లీటర్ల 1హెచ్‌జెడ్ డీజిల్ ఇంజన్‌కు అక్కడ విశేష ఆదరణ ఉంది. దాని శక్తి తక్కువే. కానీ నాసిరకం ఇంధనాన్ని తట్టుకుంటుంది, సాధారణ పనిముట్లతో బాగుపడుతుంది. 2021లో ఈ శ్రేణికి చెందిన 78 నమూనా ఆధారంగా రూపొందిన టీకాల శీతల రవాణా వాహనానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత లభించింది. ఇక్కడ బండి ఆగితే టీకాలు పాడవుతాయి. విశ్వసనీయత అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. అదే గుణం యుద్ధానికీ ఉపయోగపడింది. 1987లో చాద్, లిబియాల మధ్య సాగిన పోరు చివరిదశకు ‘టయోటా యుద్ధం’ అనే పేరు రావడం ఇందుకు నిదర్శనం. యంత్రం మన్నికకు నీతి ఉండదు.

విశ్వసనీయత వారసత్వంగా దానంతట అదే సంక్రమించదని ఇటీవలి సంఘటనలు గుర్తుచేశాయి. 2024 జనవరిలో డీజిల్ ఇంజన్ల శక్తిపరీక్షల్లో అవకతవకలు జరిగినట్లు వెల్లడై, ల్యాండ్ క్రూయిజర్ 300 సహా పలు నమూనాల రవాణాను టయోటా తాత్కాలికంగా నిలిపివేసింది. అదే ఏడాది అమెరికాలో, 300 శ్రేణి పెట్రోలు ఇంజన్ కుటుంబానికే చెందిన ఇంజన్లు గల టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాలను సుమారు 1,02,000 వరకు వెనక్కి పిలిచింది. తయారీ సమయంలో లోపల మిగిలిన లోహపు చెత్త ఇందుకు కారణం. ఈ రెండు సందర్భాల్లోనూ దెబ్బతిన్నది వాహనం కొండ ఎక్కే శక్తి కాదు. దానిపై పెట్టుకున్న నమ్మకం.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, ఆఫ్‌రోడ్ సామర్థ్యం ఒక్కరోజులో ప్రదర్శించదగినది. విశ్వసనీయత కాలం మాత్రమే నిరూపించగలిగినది. కాబట్టి కొత్త వాహనం విశ్వసనీయతను గురించి చేసే ప్రకటన ఏదైనా పాత వాహనాల కీర్తిని అరువు తెచ్చుకున్నదే.

రెండవది, కుటుంబ సౌఖ్యం ఈ రెండు గుణాలకూ సహజ శత్రువు కాదు. 80 శ్రేణి అందుకు రుజువు. అయితే సౌఖ్యాన్ని సాధించే మార్గం సంక్లిష్టమయ్యే కొద్దీ మరమ్మతు చేసే హక్కు, శక్తి యజమాని చేతి నుంచి, ఊరి మెకానిక్ చేతి నుంచి సంస్థ వర్క్‌షాపు వైపు జరిగాయి.

మూడవది, విశ్వసనీయత యంత్రానికీ, స్థలానికీ, మనుషులకూ మధ్య ఉండే సంబంధం. విడిభాగం దొరకని చోట ఎంత గొప్ప వాహనమైనా నిస్సహాయమే.

ఈ చివరి అంశం తెలుగు పరిశోధకులకు ఒక కొత్త క్షేత్రాన్ని చూపుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారిలో డ్రైవర్లుగా, మెకానిక్కులుగా పనిచేసినవారు ఉన్నారు. ఈ వాహనాలను ఎడారి ఇసుకలో నడిపిన, విప్పి బిగించిన చేతులు వారివి. సాంకేతిక చరిత్రను సాధారణంగా సంస్థలు, ఇంజనీర్లు రాస్తారు. వాడినవారి, బాగుచేసినవారి జ్ఞాపకాలు మౌఖిక చరిత్రగా నమోదైనప్పుడే ఈ కథ సమగ్రమవుతుంది. ఆ తరం ఇప్పుడు వృద్ధాప్యంలోకి అడుగుపెడుతోంది కాబట్టి, ఆ సేకరణలో జాప్యం తగదు.