నిశ్శబ్దం ఎవరిది?

2017 వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ నాతో ఒక మాట అంది. "లంగా బొందు రోజురోజుకీ వదులు చేసి కట్టుకోవాల్సి వస్తోందే. తిండేమో రెండు ముద్దలకే చాలనిపిస్తోంది." అప్పుడు నేను పిహెచ్‌డి చివరి అధ్యాయంలో ఉన్నాను. స్త్రీల ఆత్మకథల్లో మౌనం గురించి రాస్తున్నాను. ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "గ్యాస్ పెద్దమ్మా, కాస్త వాము నమిలి నీళ్ళు తాగు" అన్నాను.

ఊళ్ళో డాక్టరూ అదే అన్నాడు. ఐదు నెలలు గ్యాస్ మాత్రలు వాడాక, "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అని పంపేశాడు. హైదరాబాద్ తీసుకొచ్చేసరికి అండాశయ క్యాన్సర్ కడుపంతా పాకింది. పెద్దమ్మకి గర్భసంచి తెలుసు. అండాశయం అన్న మాట మాత్రం ఆ రిపోర్టు చదివించుకున్నప్పుడే మొదటిసారి విన్నది. డాక్టరమ్మ మమ్మల్ని ఓదారుస్తూ, "ఇది సైలెంట్ కిల్లరమ్మా, చివరిదాకా చప్పుడు చేయదు" అన్నారు. మరుసటి ఏడాది సంక్రాంతి వెళ్ళాక పెద్దమ్మ పోయింది.

ఆ మాట నాకు చాలాకాలం ఊరటగా ఉండింది. చప్పుడే చేయని జబ్బయితే, వినకపోవడం నా తప్పు కాదు కదా! ఆ ఊరట తప్పని నాకు తెలిసింది అమెరికాలో జబ్బుపడ్డ స్త్రీలు తమలో తాము నడుపుకున్న ఒక చిన్న వార్తాలేఖ కథ చదివాక. ఆ చరిత్ర మన పాఠకురాళ్ళకి చెప్పాలనే ఈ వ్యాసం.

1980ల అమెరికాలో ఈ జబ్బు పేరు జనం నోట పడడానికి కారణం ఒక హాస్యనటి. 'సాటర్‌డే నైట్ లైవ్' ద్వారా ఇంటింటికీ తెలిసిన గిల్డా రాడ్నర్ 1986లో నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది. నీరసం, కడుపునొప్పి, కాళ్ళ నొప్పులు. రకరకాల కారణాలు చెప్పారు. అక్టోబర్‌లో అసలు సంగతి బయటపడేసరికి ఆలస్యమైంది. 1989 మే 20న, 42 ఏళ్ళ వయసులో చనిపోయింది. ఆ ఏడే ఆమె స్వీయకథ వెలువడింది. ఆమె పేరు మీద క్యాన్సర్ రోగులూ కుటుంబాలూ కలుసుకునే గిల్డాస్ క్లబ్ 1995లో న్యూయార్క్‌లో మొదలైంది.

ఒక ప్రసిద్ధ స్త్రీ మరణం పేరు తెచ్చిపెట్టగలదు కానీ ఉద్యమాన్ని నడపలేదు. రొమ్ము క్యాన్సర్ ఉద్యమానికి వేలమంది బతికి బయటపడ్డ స్త్రీలున్నారు. ఆడ్రీ లార్డ్ 1980లోనే 'ది క్యాన్సర్ జర్నల్స్' రాసి, కోసేసిన రొమ్ముని దాచుకోమనే సమాజాన్ని ప్రశ్నించింది. అండాశయ క్యాన్సర్‌లో ఎక్కువమందికి జబ్బు ముదిరాకే తెలుస్తుంది. ఊరేగింపులో నడవాల్సినవాళ్ళే వరసగా రాలిపోతుంటే ఊరేగింపు ఎలా సాగుతుంది?

దీనికి టెక్సాస్‌లోని అమరిల్లో పట్నంలో సిండీ మెలాన్‌సన్ ఒక దారి వెతికింది. తానూ ఈ జబ్బు మనిషే. 'కాన్వర్జేషన్స్' పేరుతో ఒక వార్తాలేఖ నడిపింది. మన భాషలో చెప్పాలంటే మాటామంతీ. ఒకరినొకరు ఎన్నడూ చూడని స్త్రీలు అందులో తమ కథలు చెప్పుకున్నారు. వైద్య పుస్తకాలేమో ఈ జబ్బుకి తొలిదశలో లక్షణాలుండవని రాస్తున్నాయి. ఈ స్త్రీలేమో మాకు ఉన్నాయి, మేం చెప్పాం, ఎవరూ పట్టించుకోలేదని అంటున్నారు.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోని డాక్టర్ బార్బరా గాఫ్ ఆ మాటల్ని కొట్టిపారేయలేదు. మెలాన్‌సన్‌తో కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేసి పంపారు. అమెరికాలోని 46 రాష్ట్రాల నుంచి, కెనడాలోని 4 ప్రావిన్సుల నుంచి 1,725 మంది స్త్రీలు జవాబులు రాశారు. 2000లో ఫలితాలు 'క్యాన్సర్' అనే వైద్యపత్రికలో వచ్చాయి. నూటికి 95 మందికి రోగనిర్ధారణకి ముందే లక్షణాలున్నాయి. అందులో ఎక్కువ కడుపుకి సంబంధించినవే. చాలామందికి మొదట్లో ఏమీ లేదనో, ఒత్తిడనో, డిప్రెషననో, పేగుల సమస్యనో చెప్పారు. ఆ వ్యాసం రాసినవాళ్ళ పేర్లలో డాక్టర్ల పక్కన మెలాన్‌సన్ పేరు కూడా ఉంది. సాహిత్య విద్యార్థినిగా నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది అదే. సాక్ష్యం చెప్పినవాళ్ళలో ఒకరు ఆ సాక్ష్యాన్ని రాసినవాళ్ళలోనూ ఉన్నారు. తర్వాత ఆమె కూడా ఈ జబ్బుతోనే పోయింది.

జబ్బు వచ్చాక గుర్తుచేసుకుని చెప్పే మాటల్ని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. జ్ఞాపకం కథని సర్దుతుందని మనకీ తెలుసు, ఆత్మకథలు చదివేవాళ్ళం కదా. గాఫ్ బృందం దీనికి మరో అధ్యయనంతో జవాబిచ్చింది. కడుపులో గడ్డ ఉండి ఆపరేషన్‌కి ఎదురుచూస్తున్న 128 మందిని, మామూలు క్లినిక్‌లకి వచ్చిన 1,709 మందిని ఒకే ప్రశ్నలు అడిగారు. ఆపరేషన్ ఫలితం ఇంకా తెలియదు కాబట్టి ఆ జ్ఞాపకానికి జబ్బు పేరు రంగు పులమలేదు. 2004లో వెలువడ్డ ఫలితం ఇది: ఉబ్బరం, పొట్ట పెరగడం, మూత్రం ఇబ్బందులు, ఈ మూడూ కలిసి ఉన్నది క్యాన్సర్ తేలినవాళ్ళలో నూటికి 43 మందికి, క్లినిక్‌లకి వచ్చినవాళ్ళలో 8 మందికి మాత్రమే. తేడా అంతా లక్షణాలు కొత్తగా రావడంలో, నెలలో ఎన్నో రోజులు వేధించడంలో ఉంది. 2007 జూన్‌లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీతో పాటు స్త్రీల క్యాన్సర్ నిపుణుల సంస్థలు కలిసి ఈ జబ్బుకి లక్షణాలున్నాయని ప్రకటించాయి.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. 1994లో న్యూయార్క్‌లో పరిశోధనకి విరాళాలు కూడగట్టే ఒక నిధి ఏర్పడింది. 1997లో వేర్వేరు బృందాలు కలిసి ఓవేరియన్ క్యాన్సర్ నేషనల్ అలయన్స్‌గా మారాయి. ఆ ఏడే అమెరికా రక్షణశాఖ వైద్యపరిశోధనల్లో ఈ జబ్బుకి 75 లక్షల డాలర్లతో ప్రత్యేక పద్దు మొదలైంది. యుద్ధశాఖ డబ్బు అన్న చేదు నాకూ తగులుతుంది. అయినా ఆ పద్దులో ఏ పరిశోధనకి డబ్బివ్వాలో తేల్చే బల్ల దగ్గర జబ్బు అనుభవించిన స్త్రీలకీ కుర్చీ ఉంది. 2000లో మరణించిన మిషిగన్ బడిపంతులమ్మ జొహానా సిల్వర్ గోర్డన్ పేరు మీద, తోబుట్టువు షెరిల్ సిల్వర్ ఏళ్ళ తరబడి తిరగగా, 2007 జనవరి 12న జొహానా చట్టం వచ్చింది. స్త్రీలకీ డాక్టర్లకీ ఈ క్యాన్సర్ల గురించి చెప్పడం దానితో ప్రభుత్వం పని అయింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2002లో అలయన్స్ మొదలుపెట్టిన కార్యక్రమం. జబ్బు నుంచి బయటపడ్డ స్త్రీలు వైద్యవిద్యార్థుల తరగతికి వెళ్ళి తమ కథ చెబుతారు. డాక్టర్లు కాబోయేవాళ్ళు కూర్చుని వింటారు.

ఈ ఉద్యమాన్ని పొగడ్తలతో వదిలేయడం న్యాయం కాదు. గులాబీ రిబ్బన్ల వ్యాపారాన్నీ, రోగుల మీద రుద్దే చిరునవ్వునీ బార్బరా ఎరెన్‌రైక్ 2001లోనే ఎండగట్టింది. నీలాకుపచ్చ రిబ్బనుకీ ఆ ప్రమాదం లేకపోలేదు. రెండోది మరీ కష్టమైన నిజం. లక్షణాలు లేని స్త్రీలందరికీ ఏటా పరీక్ష చేస్తే ప్రాణాలు నిలుస్తాయా అని బ్రిటన్‌లో 2,02,638 మందితో 2001లో మొదలైన అధ్యయనం, సిఎ125 రక్తపరీక్షతో గానీ స్కాన్‌తో గానీ మరణాలు తగ్గలేదని 2021లో తేల్చింది. అవగాహన అంటే అందరూ పరీక్షలకి పరుగెత్తడమని చెప్పలేం. లక్షణం ఉన్న స్త్రీ మాటని తొందరగా వినడం, కుటుంబ చరిత్ర ఉన్నవాళ్ళకి జన్యుపరీక్ష అందడం, ఇవే ఇప్పటికి చేతిలో ఉన్నవి. బిఆర్‌సిఎ1 జన్యువుని 1994లో గుర్తించారు. పెద్దమ్మ మా అమ్మకి సొంత అక్క. ఆ పరీక్ష ప్రశ్న మా ఇంట్లో నాలుగేళ్ళు నలిగింది.

మనదేశంలో ఆడవాళ్ళ క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం తర్వాత అండాశయానిదే మూడో స్థానం. ఇక్కడ ఈ చరిత్రని ఉన్నదున్నట్టు దించుకోలేం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం గర్భసంచి తీయించుకున్నవాళ్ళే. "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్న బెదిరింపు మన పల్లెల్లో ఎంతమంది వినలేదు? మన దగ్గర కడుపునొప్పికి రెండే జవాబులు: గ్యాస్ మాత్ర, లేదంటే కత్తి. భయం పంచే అవగాహన ఆ కత్తికే పని కల్పిస్తుంది.

అందుకే మా అక్కా నేనూ కిందటేడు ఒక చిన్న పని చేశాం. బంధువులూ స్నేహితురాళ్ళూ ఇచ్చిన పదకొండు వేలతో ఒక్క పేజీ కరపత్రం వేయించాం. మిగిలింది స్కాన్‌కి డబ్బుల్లేనివాళ్ళ కోసం ఉంచాం. డాక్టరు స్నేహితురాలు దిద్దిపెట్టింది. అందులో 'ఉదరకుహరం' లాంటి మాటల్లేవు. లంగా బొందు బిగుతు కావడం, రెండు ముద్దలకే కడుపు నిండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ ఒంటేలుకి పోవాల్సి రావడం. అంతే. పెద్దమ్మ మాటలే రెండు మొదట పెట్టాం.

తెనాలి దగ్గర పొదుపు సంఘం సమావేశంలో చదివి వినిపిస్తే ఒకావిడ లేచి, "ఇవన్నీ మాకు ఎప్పుడూ ఉండేవేనమ్మా. ఎప్పుడు భయపడాలి?" అంది. భయపడక్కర్లేదు, చాలాసార్లు అది వేరే చిన్న సమస్యే అవుతుంది అన్నాను. కొత్తగా మొదలై, రెండు మూడు వారాలు దాదాపు రోజూ ఉంటే డాక్టరు దగ్గరకెళ్ళి, "స్కాన్ అవసరమా, అండాశయం చూడాలా?" అని ఆ మాట పేరెత్తి అడగమన్నాను. ఆవిడ 'అండాశయం' అని రెండుసార్లు పైకి అనుకుంది. తర్వాత కూర్చోకుండా, "అయితే మా తోడికోడలి సంగతి చెప్తాను, వినండి" అంది.

ఈసారి నేను కాగితాలు పక్కన పెట్టి విన్నాను.