చెన్నపురిలో మేఘముల లెక్క

చెన్నపురి నుంగంబాక్కములోని వాతావరణ కార్యాలయపు ఆవరణమున నొక రాతి స్తంభము గలదు. 1792లో ఈస్టిండియా కంపెనీవారు నెలకొల్పిన నక్షత్రశాలలో పరికరమును మోసినది ఈ స్తంభమే. దానిపై లాటిను, తమిళముల సరసన తెలుగు శాసనమును గలదు. ఆసియాలో గణితశాస్త్రములు నాటుకొన్న కాలమును వేయేండ్ల తరువాతివారికి తెలుపుట దాని యుద్దేశము. గణితము ఆసియాకు క్రొత్త యనుట చరిత్రకు నిలువదు. కాని శాస్త్రవార్తను తెలుగున గూడ చెప్పవలసిన పట్టణముగా చెన్నపురిని నాటి పాలకు లెంచిరనుట సత్యము.

నక్షత్రశాలను నెలకొల్పిన మైకేల్ టాపింగు అంతకుముందు తెలుగు తీరమును కొలిచినవాడు. 1796లో మచిలీపట్టణముననే మరణించెను. తరువాత వచ్చిన జాన్ గోల్డింగ్‌హాము ఆ యేటినుండియే వాతావరణ పరిశీలనలను గ్రంథస్థము చేయించెను. 1899లో నక్షత్రవిద్య కొడైకెనాలునకు తరలినను, వాతావరణపు పని ఇచ్చటనే నిలిచెను.

అయితే నేలనుండి చూచువారికి మేఘము అడుగే కనబడును. ఆకాశమును ఎనిమిది పాళ్లుగా నెంచి, అందెన్ని పాళ్లు కప్పబడెనో వ్రాసికొనుట పరిపాటి యయ్యెను. ఆ మేఘము పైకి మరలించు వెలుగెంతయో దీనివలన తెలియదు. మేఘములోని నీటిబిందువులు వెలుతురును పీల్చుకొనుట స్వల్పము, చెదరగొట్టుట యధికము. అందుచేతనే క్రిందినుండి నల్లగా దోచు కారుమేఘము మీదినుండి వెండివలె మెరయును. అదే మేఘము భూమినుండి పైకి పోవు వేడిని కొంత ఆపును గూడ. ఈ రెంటిలో నేది మిక్కిలియో చిరకాలము తేలలేదు.

1984లో అమెరికావారు ప్రయోగించిన భూవికిరణ ఉపగ్రహపు కొలతలవలన నది తేలినది. వీరభద్రన్ రామనాథన్ ప్రభృతులు 1989లో ప్రకటించిన లెక్క ననుసరించి, 1985 ఏప్రిలులో భూగోళమంతటి సగటున మేఘములు చదరపు మీటరునకు 44.5 వాట్ల కాంతిని మరలించి, 31.3 వాట్ల వేడిని నిలిపినవి. తక్కిన 13.2 వాట్లు చల్లదనమే.

ఉష్ణమండలమునకు ఈ సగటు చాలదు. మధ్యాహ్నమున పుట్టి సాయంకాలమునకు ఉరుము మేఘమును, దినమున కొకటి రెండుమార్లు మాత్రమే చూచు ధ్రువకక్ష్యా ఉపగ్రహము పట్టజాలదు. అందుకై భారత, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కూడి నిర్మించిన మేఘా-ట్రోపిక్స్ 2011 అక్టోబరు 12న, పులికాటు నానుకొన్న శ్రీహరికోటనుండి ఎగసెను. 867 కిలోమీటర్ల ఎత్తున, భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో తిరుగుటచే అది ఉష్ణమండలమును దినమునకు పలుమార్లు చూచెడిది. అందలి స్కారబ్ అను పరికరము మరలిన కాంతిని, వెలువడు వేడిని వేరుపరచి లెక్కించెను. వర్షము నరయు వేరొక పరికరమునకు కుదిరిన సంక్షిప్తనామము ‘మద్రాస్’! పాపము, అది 2013 జనవరిలోనే మూగవోయెను. స్కారబ్ ఆ పిమ్మటను పనిచేసెను. 2023 మార్చి 7న ఉపగ్రహమును శాస్త్రజ్ఞులు పసిఫిక్ మహాసముద్రముపై వాయుమండలములోనికి దింపి దహింపజేసిరి.