నాబాలు ఎందుకు బుద్ధిహీనుడు?

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ వరకు కోచింగ్ సెంటర్ల ప్రకటనలు చూస్తూ పెరిగే మన పిల్లలకు బుద్ధి అంటే ర్యాంకే. హెబ్రీ లేఖనాల కొలత వేరు.

బుద్ధిహీనుణ్ణి సూచించే మాటలు హెబ్రీలో చాలా ఉన్నాయి. ‘పెతీ’ లోకానుభవం లేనివాడు. అతడు ఇంకా నేర్చుకోగలడు. ‘కెసీల్’, ‘ఎవీల్’ గద్దింపును లక్ష్యపెట్టనివారు. ‘లేత్స్’ అపహాసకుడు. వీటికంటె బరువైన మాట ‘నాబాల్’.

ఆ పేరే గల మనుష్యుణ్ణి 1 సమూయేలు 25లో చూస్తాం. అతనికి 3,000 గొర్రెలు, 1,000 మేకలు ఉన్నాయి. ఆస్తి కూడబెట్టడం తెలియనివాడు కాడు. దావీదు మనుషులు అరణ్యంలో తమకు రాత్రింబగళ్లు కాపుగా ఉన్నారని అతని పనివారే సాక్ష్యమిచ్చారు. గొర్రెల బొచ్చు కత్తిరించే వేళ వారు ఆహారం అడిగితే, నాబాలు దావీదును అవమానించి వారిని వట్టిచేతులతో పంపాడు. దావీదు 400 మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు. అబీగయీలు 200 రొట్టెలు, ఇతర ఆహారం తీసుకొని ఎదురువెళ్లకపోతే ఏ తప్పూ చేయని పనివారూ ప్రాణాలు కోల్పోయేవారు. ఆ రాత్రి నాబాలు రాజులా విందు చేసుకుంటున్నాడు.

యెషయా 32లో ఈ మాటకు వివరణ కనిపిస్తుంది: ఆకలిగొన్నవారికి తిండి, దప్పిగొన్నవారికి నీళ్లు అందకుండా చేసేవాడే నాబాల్. కీర్తన 14లో దేవుడు లేడని మనసులో అనుకునేవాడూ అతడే. ఆ కీర్తనలోనే ప్రజలను ఆహారంలా మింగేవారి ప్రస్తావన ఉంది. దేవునికి లెక్క చెప్పనక్కరలేదనుకున్నవాడు పొరుగువాణ్ణి మింగడానికి జంకడు.

ఆ మూలం నుండే ‘నెబాలా’ అనే మాట వచ్చింది. దీనాకు, గిబియాలో లేవీయుని ఉపపత్నికి, తామారుకు జరిగిన ఘోరాలను లేఖనం ఆ మాటతోనే పిలిచింది. తామారు విషయంలో అమ్నోనుకు ఉపాయం చెప్పిన యెహోనాదాబును హెబ్రీ మూలం ‘హాకాం’ అంటుంది. జ్ఞానికి వాడే మాట అదే! తెలివి ఉంది, భయభక్తులు లేవు. దావీదు సంగతి విని కోపించాడు గాని కుమారుణ్ణి శిక్షించలేదు. రెండేండ్ల తరువాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు. ఆ చీలిక చివరికి రాజ్యాన్నే కుదిపింది.

కాబట్టి బుద్ధిహీనత మార్కుల జాబితాలో కనబడదు. మలక్‌పేట గంజ్‌లో బస్తాలు మోసే హమాలీకి, మన ఇంట్లో అంట్లు తోమే అక్కకు కూలి ఆపినప్పుడు కనబడుతుంది. బాధితురాలు నోరు విప్పితే సంఘం పరువు పోతుందని మనం ఆమెను మౌనంగా ఉండమన్నప్పుడు కనబడుతుంది. అబీగయీలు తెల్లవారేవరకు ఆగలేదు, మనమూ ఆగకూడదు.